మైక్రో ఆర్‌ఎన్‌ఏ పాత్రను నిరూపించడం ఎలా? హైదరాబాద్ ల్యాబ్ విద్యార్థుల కోసం సమగ్ర మార్గదర్శి

జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువు మైక్రో ఆర్‌ఎన్‌ఏ. దాన్ని కనిపెట్టినందుకు 2024లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కన్‌లకు వైద్య నోబెల్ వచ్చింది. ఉస్మానియా నుంచి, హెచ్‌సీయూ నుంచి ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లకు వచ్చే ఎమ్మెస్సీ పిల్లల నోట మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేరు ఇప్పుడు తరచూ వినబడుతోంది. సంతోషమే. కానీ చాలా ప్రాజెక్టులు ఒక్కచోటే ఆగిపోతాయి. "మేడమ్, పేషెంట్ల శాంపిల్స్‌లో మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎనిమిది రెట్లు పెరిగింది. జబ్బుకు ఇదే కారణమని రాసేయొచ్చా?" అని అడుగుతారు.

రాయకూడదు. ఒక అణువు పెరిగిందని చూపడం తేలిక, అది అక్కడ ఏదో పని చేస్తోందని చూపడం కష్టం. జబ్బు వల్ల అది పెరిగి ఉండొచ్చు. శాంపిల్‌లో వేరే కణాలు కలవడం వల్ల పెరిగినట్టు కనబడి ఉండొచ్చు. రక్తం తీసేటప్పుడు నాలుగు ఎర్రకణాలు పగిలినా లెక్క మారిపోతుంది. "పెరిగింది" అనే మాట నుంచి "ఈ జన్యువును, ఈ సైటు (అది అతుక్కునే చోటు) దగ్గర, ఈ కణంలో అదుపు చేస్తోంది" అనే మాట దాకా ఎలా చేరాలో ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. మిర్-21నే ఉదాహరణగా తీసుకుంటాను. దాని గురించి చాలా పని జరిగింది కాబట్టి మీ ఫలితాన్ని సరిచూసుకోవడానికి వీలుంటుంది.

మొదటి మెట్టు: అది ఎలా పుడుతుందో, ఎలా పని చేస్తుందో కాగితం మీద గీయండి

1993లో సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవున్న నులిపురుగులో లిన్-4 అనే జన్యువును ఆంబ్రోస్ బృందం వెతికి పట్టుకుంది. ఆ జన్యువు నుంచి ప్రొటీన్ ఏదీ రావడం లేదు. 22 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) చిన్న ఆర్‌ఎన్‌ఏ మాత్రమే వస్తోంది. అదే సమయంలో రువ్‌కన్ బృందం లిన్-14 జన్యువు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోకభాగంలో, అంటే 3 ప్రైమ్ యూటీఆర్‌లో, లిన్-4తో జతకట్టే వరసలు ఉన్నాయని చూసింది. ఇద్దరూ తమ వరసలను పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు జన్యు నియంత్రణలో కొత్త దారి బయటపడింది. అప్పట్లో చాలామంది దీన్ని పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో లెట్-7 దొరికి, అది మనుషుల్లోనూ ఉందని తేలాక ఆ అభిప్రాయం మారింది.

మీరు గీయాల్సిన బొమ్మ ఇది. కేంద్రకంలో జన్యువు నుంచి పొడవాటి ప్రాథమిక ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. అందులో హెయిర్‌పిన్‌లా మడత పడిన భాగాన్ని డ్రోషా, డీజీసీఆర్8 కలిసి కత్తిరిస్తాయి. ఎక్స్‌పోర్టిన్-5 దాన్ని కేంద్రకం బయటికి చేరుస్తుంది. బయట డైసర్ ఆ హెయిర్‌పిన్ తలను కోసి, సుమారు 22 న్యూక్లియోటైడ్ల జంట పోగును మిగులుస్తుంది. అందులో ఒక పోగు ఆర్గొనాట్ ప్రొటీన్‌లో కూర్చుంటుంది, రెండోది సాధారణంగా నశిస్తుంది. ఆర్గొనాట్‌లో కూర్చున్న పోగు తనకు జతపడే వరస ఉన్న మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను వెతికి పట్టుకుంటుంది. అప్పుడు ప్రొటీన్ తయారీ నెమ్మదిస్తుంది, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ చిట్టచివర ఉండే ఏ అక్షరాల తోక ఊడి అది త్వరగా పాడైపోతుంది.

ఇక్కడ ఒక సంగతి మనసులో నాటుకోవాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ చాలాసార్లు జన్యువును ఆపేయదు, కాస్త తగ్గిస్తుంది. ఫ్యాను స్విచ్చు కాదు, రెగ్యులేటర్. 2008లో వేల ప్రొటీన్లను ఒకేసారి కొలిచిన రెండు పెద్ద అధ్యయనాల్లో, ఒక్కో లక్ష్యం మీద ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రభావం ఎక్కువగా రెండు రెట్ల లోపే కనబడింది. కాబట్టి మీ వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ ఎంత ఉందో చూపే పరీక్షలో) ప్రొటీన్ 30 శాతం తగ్గితే నిరాశపడకండి, జీవశాస్త్రం అలాగే ఉంటుంది. 95 శాతం తగ్గితేనే అనుమానించాలి.

రెండో మెట్టు: పేరు సరిగ్గా చదవండి, చేతిని చూసుకోండి

మైక్రో ఆర్‌ఎన్‌ఏ పేర్లలో ప్రతి గుర్తుకూ అర్థం ఉంది. హెచ్‌ఎస్‌ఏ-మిర్-21-5పీ అంటే మనిషికి చెందిన, 21వ సంఖ్య ఇచ్చిన, హెయిర్‌పిన్ 5 ప్రైమ్ (మొదలు) వైపు చేతి నుంచి వచ్చిన అణువు. 3పీ అంటే ఎదురు చేతి నుంచి వచ్చింది. ఈ రెండింటి వరసలు వేరు, లక్ష్యాలు వేరు. "మిర్-21" అని మాత్రమే రాసి ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) ఆర్డర్ పెడితే ఏ చేతిని కొలుస్తున్నారో తర్వాత మీకే తెలియదు. మిర్-15ఏ, మిర్-15బీ అని చివర అక్షరాలుంటే అవి వరసలో దగ్గరి చుట్టాలు. మిర్-16-1, మిర్-16-2 అని అంకెలుంటే వేర్వేరు జన్యువుల నుంచి వచ్చే ఒకే పక్వ అణువు. అది ఏ జన్యువు నుంచి వచ్చిందో క్యూపీసీఆర్ (నకళ్లు పెంచుతూ అణువుల మోతాదు కొలిచే పరీక్ష) విడదీసి చెప్పలేదు.

వరసను మైక్రో ఆర్‌ఎన్‌ఏల డేటాబేస్ అయిన మిర్‌బేస్ నుంచి తీసుకోండి. 2018 నాటి 22వ విడుదలలో మనిషి పక్వ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు 2,654 ఉన్నాయి. అన్నీ నిఖార్సైనవి కావు. డీప్ సీక్వెన్సింగ్‌లో దొరికిన ముక్కలు కొన్ని ఆధారం చాలకుండానే ఆ జాబితాలో చేరాయి. అందుకే మిర్‌జీన్‌డీబీలో కూడా వెతకండి. అక్కడ ప్రవేశ నియమాలు కఠినం, జాబితా చాలా చిన్నది. మీరు ఎంచుకున్నది అక్కడ లేకపోతే, ముఖ్యంగా పేరులో సంఖ్య నాలుగంకెలది అయితే, ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు గైడుతో కూర్చుని మాట్లాడండి. ఆరు నెలల పని దాని మీద ఆధారపడి ఉంటుంది.

మూడో మెట్టు: సీడ్‌ను చేత్తో జతకట్టి చూడండి

వెబ్‌సైట్ తెరిచే ముందు పెన్సిల్ పట్టుకోండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలో 5 ప్రైమ్ కొన నుంచి 2వ స్థానం మొదలు 8వ స్థానం దాకా ఉన్న భాగాన్ని సీడ్ అంటారు. లక్ష్యాన్ని పట్టుకునే పని ఎక్కువగా దానిదే.

మిర్-21-5పీ మొదటి ఎనిమిది అక్షరాలు: యూ, ఏ, జీ, సీ, యూ, యూ, ఏ, యూ. మొదటి యూను పక్కన పెడితే సీడ్ ఏ-జీ-సీ-యూ-యూ-ఏ-యూ. దీనికి ఎదురు దిశలో జతపడే వరస రాయండి. ఏకు యూ, జీకి సీ, ఇలా ఒక్కొక్కటీ మార్చి, వెనక నుంచి ముందుకు చదివితే ఏ-యూ-ఏ-ఏ-జీ-సీ-యూ వస్తుంది. దాని చివర ఇంకో ఏ కలిస్తే ఎనిమిది అక్షరాల సైటు. అన్నింటికన్నా గట్టిగా పని చేసే రకం అదే. ఇప్పుడు మీ జన్యువు 3 ప్రైమ్ యూటీఆర్ వరసను డౌన్‌లోడ్ చేసుకుని అందులో ఈ వరస కోసం వెతకండి. డేటాబేస్‌లో అది డీఎన్‌ఏ రూపంలో ఉంటే యూ బదులు టీ అని వెతకాలి. పీడీసీడీ4 అనే కణితి నిరోధక జన్యువులో వెతికితే మిర్-21 సైటు దొరుకుతుంది. 2008లో పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఈ జతనే పరీక్షించి చూపారు.

సైటు దొరకగానే ఆనందపడొద్దు. ఏడు అక్షరాల వరస ఏదైనా కేవలం యాదృచ్ఛికంగానే సగటున 16,384 అక్షరాలకు ఒకసారి వస్తుంది. జన్యువులన్నిటి తోకభాగాలు కలిపితే కోట్ల అక్షరాలు. అంటే అర్థం లేని సైట్లు వేలల్లో ఉంటాయి. లక్ష్యాలను అంచనా వేసే టార్గెట్‌స్కాన్ వెబ్‌సైట్‌లో సైటు పక్క ఉన్న సమాచారం చూడండి. ఎలుకలో, కుక్కలో, కోడిలో కూడా అదే సైటు నిలిచి ఉందా? పరిణామం కోట్ల ఏళ్లు కాపాడిన సైటుకు ఏదో పని ఉండే అవకాశం ఎక్కువ. చుట్టూ ఏ, యూ అక్షరాలు దట్టంగా ఉంటే ఆర్గొనాట్‌కు దారి తేలిక. ప్రొటీన్ కోడ్ ముగిసిన వెంటనే ఉన్న 15 అక్షరాల లోపల సైటు ఉంటే రైబోజోమ్ తోసేస్తుంది కాబట్టి పని చేయడం అరుదు.

తర్వాత మిర్‌టార్‌బేస్, టార్‌బేస్ చూడండి. అక్కడ ప్రయోగంలో పరీక్షించిన జతలు ఉంటాయి. ఏ ప్రయోగంతో పరీక్షించారో తప్పకుండా చదవండి. మైక్రోఅరేలో (వేల జన్యువుల స్థాయిని ఒకేసారి కొలిచే పరీక్షలో) తగ్గిందన్న ఆధారానికీ, లూసిఫరేజ్‌లో (ఎనిమిదో మెట్టులో చెప్పే, వెలుగుతో కొలిచే పరీక్షలో) సైటు మార్చి చూపిన ఆధారానికీ చాలా తేడా. నాలుగైదు టూల్స్ వాడి అన్నింటిలో ఉమ్మడిగా వచ్చినవే తీసుకునే వెన్ రేఖాచిత్రాలు థీసిస్‌లలో బాగా కనబడతాయి. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. ఒకే సూత్రం మీద నడిచే టూల్స్ ఒకే తప్పును కలిసి చేస్తాయి. ఒక మంచి టూల్, ఒక జీవశాస్త్ర కారణం చాలు.

నాలుగో మెట్టు: శాంపిల్

ప్రాజెక్టు బతికేదీ, చచ్చేదీ ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పేషెంట్ శాంపిల్ అయితే ముందు ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చదవండి. నిమ్స్ కానీ, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి కానీ, మన ఊళ్లో ఏ పెద్దాస్పత్రికి వెళ్లినా ఓపీలో తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ వినబడతాయి. సమ్మతి పత్రం ఆ మూడు భాషల్లోనూ ఉండాలి, చదవలేని వారికి చదివి వినిపించాలి. "కొంచెం రక్తం తీస్తాం అమ్మా, సంతకం పెట్టు" అనడం సమ్మతి కాదు. ఎందుకు తీస్తున్నామో, ఆమె వైద్యం దీనివల్ల మారదనీ, వద్దంటే ఏ ఇబ్బందీ ఉండదనీ చెప్పాలి. ఆమె కొంగుతో కన్నీళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంటే ఆ రోజు అడగకండి.

కణజాలం తీసుకునేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న: ఇందులో ఏయే కణాలున్నాయి? దీనికి మిర్-143, మిర్-145 కథ తెలిసి ఉండాలి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇవి తగ్గుతాయని గమనించి, ఇవి కణితిని అణిచే అణువులని ఏళ్ల తరబడి పత్రాలు వచ్చాయి. 2014లో చూస్తే పేగు లోపొర కణాల్లో అవి అసలు పెద్దగా లేనే లేవు. చుట్టూ ఉండే కండర కణాల్లో, ఫైబ్రోబ్లాస్టుల్లో ఉన్నాయి. కణితి ముక్కలో లోపొర కణాల వాటా పెరగడంతో సగటున "తగ్గినట్టు" కనబడింది. మిర్-21 కూడా పెద్దపేగు కణితుల్లో ఎక్కువగా చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టుల్లో వెలుగుతుంది. అందుకే వీలైతే ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో ఏ కణంలో ఉందో చూడండి. వీలుకాకపోతే పాథాలజిస్టును స్లైడు చూపించమని అడిగి, ముక్కలో కణితి కణాలు ఎంత శాతమో రాసుకోండి.

రక్తం అయితే ఇంకా జాగ్రత్త. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈడీటీఏ ట్యూబు తీసుకోండి. రక్తం తీసిన రెండు గంటల్లో ప్లాస్మా వేరు చేయాలి. సాయంత్రం ఆరింటికి పంజాగుట్ట నుంచి ఐస్ బాక్సు పట్టుకుని హబ్సిగూడలోని ల్యాబ్‌కు బయల్దేరితే ఆ రెండు గంటలు రోడ్డు మీదే సగం ఖర్చవుతాయి. మే నెలలో అయితే ఐసు కూడా. ఆస్పత్రి ల్యాబ్‌లోనే సెంట్రిఫ్యూజ్ వాడుకునే ఏర్పాటు ముందే చేసుకుని, ప్లాస్మాగా మార్చాకే బయల్దేరండి. సెంట్రిఫ్యూజ్ రెండుసార్లు తిప్పాలి. మొదట తక్కువ వేగంలో కణాలను దించడానికి, తర్వాత ఎక్కువ వేగంలో ప్లేట్‌లెట్లను దించడానికి. ప్లేట్‌లెట్లలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ దండిగా ఉంటుంది. అవి మిగిలితే మీరు కొలిచేది ప్లాస్మాను కాదు.

షుగరు మీద ప్రాజెక్టు చేసేవాళ్లు ఇది తప్పక చదవాలి. టైప్-2 షుగరు ఉన్నవారి ప్లాస్మాలో మిర్-126 తగ్గుతుందని 2010లో వచ్చింది. మిర్-126 ప్లేట్‌లెట్ల నుంచి కూడా వస్తుందనీ, ఆస్పిరిన్ వేసుకునేవారిలో దాని మోతాదు పడిపోతుందనీ 2013లో చూపారు. షుగరు పేషెంట్లలో ఆస్పిరిన్ వాడేవారు ఎంతమందో మన ఇళ్లలోనే చూస్తుంటాం. మందుల వివరాలు రాసుకోకపోతే మీరు కనుగొన్నది జబ్బు గుర్తా, మాత్ర గుర్తా తెలియదు.

ఎర్రకణాలు పగిలాయేమో చూడటం మరిచిపోవద్దు. ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే పగిలాయని కంటికే తెలుస్తుంది. కంటికి తెలియని పగుళ్ల కోసం 414 నానోమీటర్ల దగ్గర శోషణ కొలవండి. ఇంకో దారి, ఎర్రకణాల్లో దండిగా ఉండే మిర్-451ఏను, పగుళ్లతో మారని మిర్-23ఏ-3పీని కలిపి కొలవడం. సీటీ అంటే క్యూపీసీఆర్‌లో అణువు కనిపించడానికి పట్టిన చక్రాల సంఖ్య. మిర్-23ఏ సీటీ విలువలో నుంచి మిర్-451ఏ సీటీ విలువ తీసేస్తే 7 కన్నా ఎక్కువ వచ్చిందంటే ఆ శాంపిల్‌ను పక్కన పెట్టేయడమే. 5కూ 7కూ మధ్య ఉంటే అనుమానంగా చూడాలి.

ఐదో మెట్టు: ఆర్‌ఎన్‌ఏ తీయడం

ఫినాల్, క్లోరోఫామ్ పద్ధతి బాగానే పని చేస్తుంది. కానీ మామూలు సిలికా కాలమ్ కిట్లు 200 న్యూక్లియోటైడ్ల కన్నా చిన్నవాటిని కడిగేస్తాయి. కిట్ పెట్టె మీద చిన్న ఆర్‌ఎన్‌ఏలకు కూడా పనికొస్తుందని ఉందో లేదో చూసి కొనండి. కణాలు చాలా తక్కువగా ఉన్నప్పుడు ట్రైజాల్ (ఫినాల్ ఉన్న ద్రావణం) పద్ధతిలో జీ, సీ అక్షరాలు తక్కువగా ఉన్న కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మిగతావాటికన్నా ఎక్కువగా పోతాయని 2012లో బయటపడింది. కాబట్టి అన్ని శాంపిల్స్‌కూ దాదాపు సమానంగా కణాలు తీసుకోండి.

ప్లాస్మాలో కొలవబోతుంటే, లైసిస్ ద్రావణం (కణాలను పగలగొట్టి ఎంజైములను ఆపేది) కలిపిన తర్వాత నులిపురుగు మైక్రో ఆర్‌ఎన్‌ఏ అయిన సెల్-మిర్-39-3పీని తెలిసిన మోతాదులో కలపండి. మనిషిలో అది ఉండదు కాబట్టి చివర్లో ఎంత మిగిలిందో చూసి, తీయడంలో ఎంత నష్టం జరిగిందో లెక్కగట్టొచ్చు. లైసిస్ ద్రావణం కలపకముందే వేస్తే ప్లాస్మాలోని ఎంజైములు దాన్ని క్షణాల్లో తినేస్తాయి.

ఆరో మెట్టు: క్యూపీసీఆర్, లెక్క

22 అక్షరాల అణువుకు మామూలు ప్రైమర్లు రెండు పట్టవు. దానికి రెండు దారులున్నాయి. 2005లో వచ్చిన స్టెమ్-లూప్ ప్రైమర్ పద్ధతిలో, మైక్రో ఆర్‌ఎన్‌ఏ చివర మడత ప్రైమర్‌ను అతికించి సీడీఎన్‌ఏను (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలును) పొడిగిస్తారు. రెండోది ఆర్‌ఎన్‌ఏలన్నిటికీ ఏల తోక తగిలించి, ఒకే ప్రైమర్‌తో సీడీఎన్‌ఏ చేయడం. ఒకటి రెండు అణువులను కచ్చితంగా కొలవాలంటే మొదటిదే నా ఎంపిక, దగ్గరి చుట్టాలను వేరు చేయడంలో అది మెరుగు. చాలా అణువులను చూడాలంటే, శాంపిల్ తక్కువైతే రెండోది.

లెక్క చూద్దాం. ఊహించిన అంకెలే అనుకోండి. కణితిలో మిర్-21 సీటీ 20, పోలిక కోసం కొలిచే యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ సీటీ 22. తేడా మైనస్ 2. పక్కన ఉన్న ఆరోగ్య కణజాలంలో మిర్-21 సీటీ 23, యూ6 సీటీ 22. తేడా 1. ఈ రెండు తేడాల మధ్య తేడా మైనస్ 3. సీటీ ఒకటి తగ్గిందంటే అణువులు రెండింతలున్నట్టు. కాబట్టి రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది రెట్లు. ప్రైమర్ పనితీరు నూటికి నూరు శాతం దగ్గరగా ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది. అందుకే ముందు పలుచన వరస చేసి సామర్థ్యం చూసుకోవాలి.

మూడు హెచ్చరికలు. గణాంక పరీక్షను డెల్టా సీటీ విలువల మీద (పైన మైనస్ 2, 1 లాంటి తేడాల మీద) చేయండి, రెట్ల మీద కాదు. రెట్లు ఒక వైపుకే సాగిపోయి ఉంటాయి కాబట్టి పరీక్ష దెబ్బతింటుంది. ఒకే శాంపిల్‌ను మూడు వెల్స్‌లో పెట్టడం మూడు శాంపిల్స్ కాదు. ఇక యూ6 కణాల్లో బాగానే నిలుస్తుంది కానీ ప్లాస్మాలో దాన్ని నమ్మొద్దు, ఒక్కో మనిషిలో ఒక్కోలా ఉంటుంది. సీటీ 35 దాటితే అక్కడ కనిపించేది నిజమైన సంకేతం కాదనుకోండి.

ఏడో మెట్టు: పెంచి చూడండి, తగ్గించి చూడండి

ఇక్కడి నుంచి "పాత్ర" అనే మాటకు అర్హత మొదలవుతుంది. మిర్-21 సహజంగా ఎక్కువగా ఉన్న కణాల్లో దాన్ని అడ్డుకునే ఇన్‌హిబిటర్ పెట్టండి. తక్కువగా ఉన్న కణాల్లో మిమిక్ (మిర్-21ను పోలిన కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ) పెట్టండి. రెండింటికీ నెగెటివ్ కంట్రోల్ (ఏ లక్ష్యమూ లేని, పోలిక కోసం పెట్టే అణువు) ఉండాలి. 48 నుంచి 72 గంటల తర్వాత పీడీసీడీ4 ప్రొటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌లో, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను క్యూపీసీఆర్‌లో చూడండి.

రెండింటిలో నేను ఇన్‌హిబిటర్ ఫలితానికే ఎక్కువ విలువ ఇస్తాను. మిమిక్‌ను కణంలోకి పోస్తే దాని మోతాదు సహజ స్థాయికి వందల రెట్లు దాటిపోతుంది. కణంలో ఆర్గొనాట్ పరిమితం. ఈ వరద అందులో చోటు ఆక్రమించి మిగతా మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తోసేస్తుంది. అప్పుడు కనిపించే మార్పు ఎవరిదో చెప్పలేం. మిమిక్ తప్పనిసరైతే 5 నానోమోలార్ నుంచి మొదలుపెట్టి, మార్పు కనిపించే అతి తక్కువ మోతాదులో ఆగండి. కిట్ పత్రంలో 50 అని ఉందని 50 పోయకండి.

తీసేసి చూడటం ఎంత అవసరమో గుండె కథ చెబుతుంది. గుండె ఫైబ్రోసిస్‌ను (కణజాలం గట్టిపడటాన్ని) మిర్-21 నడిపిస్తుందనీ, దాన్ని అడ్డుకుంటే ఎలుకల గుండెకు మేలనీ 2008లో పెద్ద పత్రం వచ్చింది. 2010లో మరో బృందం మిర్-21 జన్యువే లేని ఎలుకలను తయారు చేసి గుండె మీద ఒత్తిడి పెడితే, వాటి గుండె కూడా మామూలు ఎలుకల గుండెలాగే మందంగా మారింది. ఆ వాదన చాలా ఏళ్లు సాగింది. రెండు పత్రాలూ చదవండి. ఏ రసాయనం వాడారు, ఎంత పొడవున్నది, ఏ ఎలుక అన్నవి గమనిస్తే ఈ రంగం మొత్తం మీద మీకు చూపు వస్తుంది.

ఎనిమిదో మెట్టు: లూసిఫరేజ్, ఆపై సైటును మార్చడం

పీడీసీడీ4 తోకభాగాన్ని, వెలుగునిచ్చే లూసిఫరేజ్ ఎంజైము జన్యువు వెనక తగిలించి, మిర్-21 ఉన్నప్పుడు వెలుగు తగ్గుతుందా అని చూసేది ఈ పరీక్ష. ప్లాస్మిడ్ (జన్యువును కణంలోకి చేర్చే గుండ్రటి డీఎన్‌ఏ) పని కాబట్టి సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి ముందే తెలియజేయాలి. ఒకే ప్లాస్మిడ్‌లో రెండు లూసిఫరేజ్‌లు ఉంటాయి, ఒకటి కొలిచేది, రెండోది ట్రాన్స్‌ఫెక్షన్ (ప్లాస్మిడ్‌ను కణంలోకి చేర్చడం) తేడాలను సరిచేసేది. ఏది ఏదో చూసుకోండి. సైచెక్-2 ప్లాస్మిడ్‌లో తోకభాగం రెనిల్లా లూసిఫరేజ్ వెనక వస్తుంది, పీమిర్‌గ్లోలో ఫైర్‌ఫ్లై వెనక వస్తుంది. నిష్పత్తి తిరగేస్తే ఫలితం తిరగబడుతుంది.

వెలుగు తగ్గితే సగం పనే అయింది. సీడ్ పట్టుకునే చోట మూడు నాలుగు అక్షరాలు మార్చిన రెండో ప్లాస్మిడ్ తప్పనిసరి. అందులో వెలుగు తిరిగి రావాలి. రాకపోతే మీ మైక్రో ఆర్‌ఎన్‌ఏ అక్కడ కాక ఇంకెక్కడో పని చేస్తోంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే, మార్చిన సైటుకు సరిపోయేలా మిమిక్‌లో కూడా అక్షరాలు మార్చండి. మళ్లీ వెలుగు తగ్గితే ఆ జత నేరుగా కలుస్తోందనడానికి అంతకన్నా తేటైన సాక్ష్యం ఉండదు.

తర్వాత రెస్క్యూ. మిర్-21ను అడ్డుకుంటే కణాల వలస తగ్గిందనుకుందాం. దాంతోపాటే పీడీసీడీ4ను కూడా సైఆర్‌ఎన్‌ఏతో (ఒక్క జన్యువునే అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏతో) తగ్గించండి. వలస మళ్లీ పెరిగితే మిర్-21 ప్రభావంలో కొంత భాగమైనా పీడీసీడీ4 ద్వారా నడుస్తోందని చెప్పొచ్చు. పూర్తిగా తిరిగి రాదు. మిర్-21కు పీటెన్ లాంటి ఇతర లక్ష్యాలూ ఉన్నాయి కదా. సౌకర్యం ఉన్న ల్యాబ్ అయితే క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో కణంలోని అసలు పీడీసీడీ4 జన్యువులో ఆ ఒక్క సైటునే మార్చి చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా నిజాయితీగల ప్రయోగం అదే, అందులో ఏదీ అతిగా పోయలేదు, ఏదీ అరువు తెచ్చుకోలేదు.

తొమ్మిదో మెట్టు: జబ్బుతో ముడిపెట్టడం

ఇప్పటిదాకా చేసింది కణంలో. జబ్బు గురించి మాట్లాడాలంటే ప్రకృతి ఇచ్చిన ఆధారాలు ఎలా ఉంటాయో తెలిసి ఉండాలి. వాటి పక్కన మీ ఆధారాన్ని పెట్టి చూసుకోండి.

అన్నిటికన్నా బలమైనది, మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులోనే మార్పు వచ్చి కుటుంబంలో జబ్బు నడవడం. 2009లో స్పెయిన్ కుటుంబాల్లో మిర్-96 సీడ్‌లో ఒక్క అక్షరం మారినవారికి క్రమంగా వినికిడి పోతుందని తేలింది. 2011లో ఉత్తర ఐర్లండ్ కుటుంబంలో మిర్-184 సీడ్‌లోని ఒక్క అక్షరం మార్పుకూ, కెరటోకోనస్‌తో (కంటి పారదర్శక పొర శంకువులా ఉబ్బే జబ్బుతో) పాటు చిన్న వయసులో వచ్చే శుక్లానికీ సంబంధం దొరికింది. కంటి జన్యు వ్యాధులున్న కుటుంబాలు హైదరాబాద్‌కు చాలా దూరం నుంచి వస్తాయి. కంటి మీద పని చేసే విద్యార్థులు ప్రొటీన్ జన్యువులతో ఆగకుండా ఇలాంటి చోట్లు కూడా వెతకాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రెండో రకం, జన్యువు ఊడిపోవడం. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా పేషెంట్లలో సగం మందికి పైగా 13వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోతుంది. అక్కడ ఏ ప్రొటీన్ జన్యువు ఉందా అని చాలాకాలం వెతికారు. 2002లో కార్లో క్రోచే బృందం అక్కడ ఉన్నవి మిర్-15ఏ, మిర్-16-1 అని చూపింది. అవి కణాన్ని చావకుండా కాపాడే బీసీఎల్2ను అదుపులో ఉంచుతాయని 2005లో తేలింది. అదుపు పోయేసరికి కణం చావడం లేదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏకూ క్యాన్సర్‌కూ మొదటి ముడి అదే.

లక్ష్యం వైపు నుంచి తప్పించుకోవడం కూడా ఉంది. హెచ్‌ఎంజీఏ2 జన్యువు కొన్ని కణితుల్లో తన తోకభాగాన్ని (3 ప్రైమ్ యూటీఆర్‌ను) పోగొట్టుకుంటుంది. తోకతోపాటు లెట్-7 సైట్లు పోతాయి, ప్రొటీన్ విపరీతంగా పెరుగుతుంది. లెట్-7 స్థాయి మాత్రం ఏమీ మారదు. క్యూపీసీఆర్‌తో ఎంత కొలిచినా ఈ సంగతి దొరకదు. మీ జాబితాలో "మార్పు లేదు" అని కొట్టేసిన మైక్రో ఆర్‌ఎన్‌ఏల వైపు ఒకసారి మళ్లీ చూడటానికి ఇదే కారణం.

మిర్-21 సంగతికొస్తే, 2010లో ఎలుకల్లో దాన్ని కావాల్సినప్పుడు వెలిగించే ఏర్పాటు చేశారు. వెలిగిస్తే లింఫోమా వచ్చింది, ఆపేస్తే కణితులు కరిగిపోయాయి. కారణమని చెప్పడానికి ఇది గట్టి ఆధారం. అయినా రోగ నిర్ధారణ గుర్తుగా మిర్-21 బలహీనం. ఎన్నో రకాల క్యాన్సర్లలోనూ, వాపుల్లోనూ పెరిగేది ఏ జబ్బు ఉందో ఎలా చెబుతుంది? కారణం కావడం, గుర్తుగా పనికిరావడం వేర్వేరు ప్రశ్నలు. థీసిస్‌లో రెండింటినీ కలపకండి.

మందుల గురించి కొద్దిగా. కాలేయంలో దండిగా ఉండే మిర్-122ను హెపటైటిస్ సీ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను కాపాడుకోవడానికి వాడుకుంటుంది. దాన్ని అడ్డుకునే మిరావిర్సెన్ మందుతో పేషెంట్లలో వైరస్ తగ్గిందని 2013లో ఫలితాలు వచ్చాయి. మరోవైపు మిర్-34ఏ మిమిక్ అయిన ఎంఆర్ఎక్స్34 పరీక్షలను, పేషెంట్లలో రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాలు కనబడటంతో 2016లో ఆపేశారు. "చికిత్సకు ఉపయోగపడుతుంది" అని చివరి పేరాలో రాసే ముందు ఈ రెండు కథలూ గుర్తు తెచ్చుకోండి. రెండో కథలో మనుషులున్నారు.

పదో మెట్టు: ఎంత చూపారో అంతే రాయండి

ప్రాజెక్టు రిపోర్టులో ఒక్కో ప్రయోగం ఏ వాక్యానికి అనుమతి ఇస్తుందో చూడండి. క్యూపీసీఆర్ మాత్రమే చేస్తే: "ఈ శాంపిల్స్‌లో మిర్-21-5పీ స్థాయి ఎక్కువగా ఉంది." ఇన్‌హిబిటర్ కూడా పెడితే: "మిర్-21-5పీని అడ్డుకున్నప్పుడు ఈ కణాల్లో పీడీసీడీ4 పెరిగింది." సైటు మార్చిన లూసిఫరేజ్ కూడా ఉంటే: "మిర్-21-5పీ పీడీసీడీ4 తోకభాగంలోని ఈ సైటును నేరుగా పట్టుకుంటుంది." రెస్క్యూ కూడా ఉంటే: "ఈ కణాల వలసపై మిర్-21-5పీ ప్రభావం కొంతవరకు పీడీసీడీ4 ద్వారా జరుగుతుంది." ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మొదటి రెండు వాక్యాలు వచ్చినా మంచి పనే. వాటిని నాలుగో వాక్యంలా ముస్తాబు చేస్తే వైవాలో మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

పద్ధతుల విభాగంలో పక్వ అణువు పూర్తి పేరు, వరస, మిర్‌బేస్ విడుదల సంఖ్య, రక్తం తీసిన ట్యూబు రకం, ప్లాస్మా వేరు చేయడానికి పట్టిన సమయం, వాడిన మిమిక్ మోతాదు రాయండి. సీటీ విలువలన్నీ, పక్కన పెట్టిన శాంపిల్స్‌తో సహా, అనుబంధంలో పెట్టండి. ఏ శాంపిల్‌ను ఎందుకు తీసేశారో దాని ఎదురుగా ఒక్క ముక్కలో రాయండి. వచ్చే ఏడాది మీ బెంచి దగ్గర కూర్చునే విద్యార్థి పని మొదలుపెట్టేది ఆ పట్టికతోనే.